ఆ చీటీలోని అనుమతి

పందొమ్మిది వందల ఎనభై ఎనిమిది జూన్ పదమూడవ తేదీ, సోమవారం ఉదయం, మా స్టేషనులోని విచారణ కిటికీ వెనుక, ఒక కాలు పొట్టిగా ఉన్న ఎత్తుపీట మీద ఇరవై మూడేళ్ళ యువకులొకరు ఆసీనులై రైల్వే కొలువులో తమ తొలి దినాన్ని ఆరంభించారు. నేడు పదవీ విరమణ గావిస్తున్న ఆ సౌజన్యమూర్తిని మేమంతా ‘సర్దుబాటుగారు’ అని పిలుచుకుంటాం. రోజుకు నూరుసార్లయినా వారి నోట వెలువడే “సర్దుకుందాం లెండి” అన్న మాటే ఆ బిరుదుకు మూలం. వారి అసలు పేరు జీతాల విభాగం వారికి తప్ప ఇంకెవరికీ గుర్తులేదంటే అతిశయోక్తి కాదు.

ఈ ప్రత్యేక సంచిక సంపాదకవర్గం వారు నాకు రెండు పుటలు కేటాయించి, “నాలుగు మంచి మాటలు రాయండి చాలు, పాత గొడవలు తవ్వకండి” అని ముందే హెచ్చరించారు. క్షమించాలి, నేను పాత గొడవే తవ్వబోతున్నాను. సిబ్బంది సీటును అక్రమంగా అన్యులకు ఇచ్చారన్న అభియోగం, దానికి శిక్ష, ఈ రెండూ సర్దుబాటుగారి సేవాపుస్తకంలో పందొమ్మిదేళ్ళుగా నమోదై ఉన్నాయి. ఆ తప్పు వారిది కాదు, నాది. ఈ సాయంత్రం వారు ఆఫీసు గడప దాటేలోగా ఆ సంగతి నలుగురి ముందు, ముఖ్యంగా వారి ధర్మపత్ని ముందు, చెప్పకపోతే ఇక ఈ జన్మలో చెప్పలేనని భయంగా ఉంది.

అయినా క్రమం తప్పకూడదు గనుక వృత్తి జీవితం నుంచే వస్తాను. విచారణ కిటికీ దగ్గర నాలుగేళ్ళు, రిజర్వేషను కౌంటరులో ఏడేళ్ళు పనిచేసిన పిమ్మట వారు రైలులో టికెట్ల తనిఖీకి నియుక్తులయ్యారు. ఇసుక వేస్తే రాలని బోగీలలో, ఒకే సీటుకు ఇద్దరేసి హక్కుదారులు కాలర్లు పట్టుకునే వేళల్లో, వారిది ఒక విచిత్ర పద్ధతి. ముందుగా టికెట్టు అడిగేవారు కాదు, “మీరు ఎక్కడ దిగుతారండీ?” అని అడిగేవారు. ఎవరు ఎక్కడ దిగుతారో తెలిస్తే ఎవరు ఎప్పుడు కూర్చోగలరో తేలిపోతుందని వారి సిద్ధాంతం. బోగీ ఆ చివరి నుంచి ఈ చివరికి వచ్చేసరికి ఆ లెక్కంతా వారి బుర్రలో ఉండేది. మేము చార్టులు ముందు పెట్టుకుని కూడా అంత చురుగ్గా చెప్పలేకపోయేవాళ్ళం.

ఇక ఆ రోజుకు వస్తాను. వరుస సెలవుల ముందటి శుక్రవారం. అప్పటికి నేను చార్టుల విభాగంలో కొత్త గుమాస్తాను. ఉద్యోగం ఖాయం కావడానికి ఇంకా రెండు నెలలుంది. ఉదయం ఎనిమిదింటికి ఒక కాంట్రాక్టరు నా గదికి వచ్చి, మా పై అధికారులందరి పేర్లూ చుట్టాల పేర్లలా వల్లించి, పది గంటల బండిలో సీటు కావాలన్నాడు. బండి నిండిపోయిందన్నాను. “మీ ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదటగా?” అన్నాడు చల్లగా. నేను చీటీల కట్ట ముందుకు లాక్కున్నాను.

ప్రతి బోగీలోనూ తలుపు పక్కన ఒకటో నంబరు సీటు తనిఖీదారుది. రాసుకోవడానికి దాని ముందు మడత బల్ల ఉంటుంది. అనారోగ్యంతో ఉన్నవారికి, అదీ తనిఖీదారు ఒప్పుకుంటే తప్ప, దాన్ని ఎవరికీ ఇవ్వరాదు. ఆ బోగీకి ఆ రోజు తనిఖీదారైన సర్దుబాటుగారిని నేను అడగలేదు. అడిగితే కాదంటారని కాదు, అడిగే తీరిక లేదని నాకు నేను చెప్పుకుని, చీటీ మీద ‘ఒకటో సీటు, తనిఖీదారు అనుమతితో’ అని రాసి ముద్ర కొట్టి ఇచ్చేశాను. ఆ గాభరాలోనే రెండో ఘనకార్యమూ చేశాను. ఆ రోజు ఎనభై సీట్ల బోగీ మరమ్మతుకు వెళ్ళి, బదులుగా డెబ్భై రెండు సీట్ల బోగీ వచ్చిందన్న కబురు నా బల్ల మీదే ఉంది. చూడలేదు. పాత లెక్కతోనే చార్టు తీసి అతికించేశాను.

బండి కదలడానికి పది నిమిషాల ముందు ఆ కాగితం కంటబడింది. ఎనిమిది మందికి నేను లేని సీట్లు ఇచ్చానన్నమాట! ఆఫీసు చెప్పులతోనే ప్లాట్‌ఫారం మీద పరుగెత్తి ఆ బోగీలోకి దూరాను. దూరడం నా చేతిలో ఉంది గానీ, దిగడం నా చేతిలో లేదు. వెనుక నుంచి జనం తోసుకొచ్చారు, బండి కదిలింది. చార్టుల గుమాస్తా టికెట్టు లేని ప్రయాణికుడయ్యాడు.

లోపల అరుపులు మిన్నంటుతున్నాయి. “డెబ్భై ఆరు ఎక్కడండీ? డెబ్భై రెండుతోనే గోడ వచ్చేసింది!” అంటూ ఒక యువతి ఏడుస్తోంది. ఆమె చేయి పట్టుకుని, తల పూర్తిగా వంచుకుని ఒక పెద్దాయన నిలబడి ఉన్నారు. మూడు రోజుల క్రితం ఆయన కంటి వెనుక పొరకు ఆపరేషను జరిగింది.

“పది రోజులు తల ఎత్తకూడదన్నారండీ డాక్టరుగారు,” అంది ఆ అమ్మాయి. “ఎవరన్నా తోసినా, తల అదిరినా చూపు పోతుందట. మా నాన్న దర్జీ అండీ. కన్ను పోతే ఇంక మిషను ముట్టుకోలేరు.”

సర్దుబాటుగారు ఒక్క క్షణం బోగీ అంతా పారజూశారు. తల ఆనించుకోవడానికి వీలున్న బల్ల ఆ బోగీ మొత్తంలో ఒకటో సీటు ముందు మాత్రమే ఉంది. అక్కడ కాంట్రాక్టరు కాళ్ళు బారజాపుకుని కూర్చున్నాడు.

“అయ్యా, ఇది సిబ్బంది సీటండీ. ఈ పెద్దాయనకి కావాలి, కాస్త లేవండి.”

“చీటీ ఉంది,” అంటూ అతను దాన్ని గాలిలో ఆడించాడు. “తనిఖీదారు అనుమతితో అని రాసుంది, చదువుకో. నన్నెవడు లేపుతాడో నేనూ చూస్తా.”

సర్దుబాటుగారు ఆ చీటీ అందుకుని చదివారు. ఆ రాత ఎవరిదో వారికి తెలియకపోవడమేమిటి, రోజూ చూసేదే. తల తిప్పి జనం మధ్య ఇరుక్కున్న నావైపు చూశారు. నేను కళ్ళు దించుకున్నాను. అంతలో బండి కుదుపుకు ఎవరిదో సంచి పెద్దాయన భుజానికి తగిలింది, ఆ అమ్మాయి కెవ్వుమంది.

చీటీ అబద్ధమంటే అక్కడే పంచాయతీ మొదలవుతుంది. అతను అరుస్తాడు, తరువాతి స్టేషనులో పోలీసులు రావాలి, అప్పటిదాకా పెద్దాయన ఆ తొక్కిడిలో నిలబడాలి. సర్దుబాటుగారు గొంతు పెంచకుండా అన్నారు: “చీటీ నిజమేనండీ. అనుమతి నాదే. నేనే ఇచ్చాను, ఇప్పుడు నేనే వెనక్కి తీసుకుంటున్నాను. లేవండి.”

చుట్టూ ఉన్నవాళ్ళంతా ఒక్కసారిగా “లెగవయ్యా!” అని అరిచేసరికి అతను లేచాడు. లేస్తూ, “ఇచ్చి లాక్కుంటావా? నీ సంగతి తేలుస్తా,” అన్నాడు. ఆ చీటీని మాత్రం జాగ్రత్తగా జేబులో పెట్టుకున్నాడు.

తొమ్మిది గంటల ప్రయాణం. పెద్దాయన మడత బల్ల మీద దుప్పటి పరుచుకుని నుదురు ఆనించారు. బల్ల అంచు మీద చెయ్యి వేసి, తన ఒంటినే అడ్డుగోడ చేసి సర్దుబాటుగారు నిలబడ్డారు. బండి మలుపు తిరిగినప్పుడల్లా జనమంతా వారి వీపు మీద పడేవారు. ‘ఎక్కడ దిగుతారు’ అన్న ప్రశ్న పట్టుకుని నేను బోగీ అంతా తిరిగి వచ్చి చెబితే, వారు నిలబడిన చోటి నుంచే మిగతా ఏడుగురికీ ఒక్కొక్కరుగా చోటు చూపించారు. నా తలప్రాణం తోకకు వచ్చింది. మధ్యలో ఒకసారి మంచినీళ్ళ సీసా అందించి “అన్నగారూ...” అన్నాను. “తర్వాత మాట్లాడుకుందాం లేవయ్యా,” అన్నారు. ఆ తర్వాత ఎప్పుడూ మాట్లాడుకోలేదు.

దిగేటప్పుడు పెద్దాయన తల ఎత్తకుండానే అన్నారు: “మీ మొహం చూడలేకపోయాను బాబూ. పొద్దున్నుంచీ మీ ప్యాంటు అంచే చూస్తున్నా. ఎడమ కాలిది కుట్టూడింది. కన్ను బాగయ్యాక రండి, నేనే కుట్టిపెడతా.” ఆ రోజంతటికీ మేము నవ్వింది అప్పుడే.

మూడు వారాలకు విచారణ వచ్చింది. తనిఖీదారు సీటు అమ్ముకుని, తరువాత మాట తప్పాడని కాంట్రాక్టరు ఫిర్యాదు. నేను గది బయట బల్ల మీద కూర్చున్నాను, తలుపు ఓరగా ఉంది. “ఈ చీటీలోని అనుమతి మీదేనా?” అని విచారణాధికారి అడిగారు. బోగీలో ఆ మాట అనక తప్పలేదు సరే, ఇక్కడ ఆ అవసరం లేదు. నిజం చెబితే వారు బయటపడతారు, నా ఉద్యోగం పోతుంది. “నాదేనండీ,” అన్నారు వారు. తరువాత నన్ను పిలిచి, “ఇందులో మీకు తెలిసింది ఏమైనా ఉందా?” అని అడిగారు. “ఏమీ తెలీదండీ,” అన్నాను. సర్దుబాటుగారు పక్కనే నిలబడి ఉన్నారు. సిగ్గులేని నోరు నాది.

సీటు అమ్ముకున్నట్టు రుజువు కాలేదు గానీ, అక్రమంగా ఇచ్చినందుకు వారి పదోన్నతి నాలుగేళ్ళు ఆగిపోయింది. ఉత్తర్వు వచ్చిన రోజునే ‘ఒకటో సీటు సారుకి’ అని రాసి ఉన్న ఉత్తరం కూడా వచ్చింది. తన తండ్రి మళ్ళీ సూదిలో దారం ఎక్కిస్తున్నారని ఆ అమ్మాయి రాసింది. వారు ఉత్తర్వును సొరుగులో పడేసి, ఆ ఉత్తరాన్ని మాకందరికీ చదివి వినిపించారు. ఆ వారంలోనే నా ఉద్యోగం ఖాయమైంది.

ఆ తరువాతి సంవత్సరాలలో వారు ప్రధాన తనిఖీదారులయ్యారు, కొత్తవారికి శిక్షణ ఇచ్చారు, ఉత్తమ సేవా పురస్కారానికి రెండుసార్లు పరిశీలనకు వచ్చి, ఆ పాత నమోదు కారణంగా రెండుసార్లూ వెనక్కి వెళ్ళారు. ఇవన్నీ నేను సహించాను. సహించలేనిది మరొకటి ఉంది. ఒక పెళ్ళిలో భోజనాల దగ్గర వారి బావమరిది, “మా బావనడగండి, చెయ్యి తడిపితే సీటు ఇప్పిస్తాడు,” అని పెద్దగా నవ్వాడు. పక్కనే ఉన్న వారి శ్రీమతి, మా వదినగారు, తింటున్న అన్నం వదిలేసి వెళ్ళిపోయారు. ఎదుటి వరుసలో నేను మెతుకు మింగలేక కూర్చున్నాను. ఆనాటి నుంచి ఆమె మా ఆఫీసు వేడుకలకు రావడం మానేశారు. ఈ రోజు వస్తున్నారని తెలిసింది.

వదినగారూ, మీకు కూడా ఆయన “అనుమతి నాదే” అనే చెప్పారు. నిజం తెలిస్తే మీ ఇంట్లో నాకు చోటుండదని అలా చెప్పారు. మీ చేతి వంట తిని చేతులు కడుక్కుని వచ్చేసిన ప్రతిసారీ నేను దొంగనే. ఆయన ఎన్నడూ సీటు అమ్ముకోలేదు, అక్రమంగా ఇవ్వనూ లేదు. ఆ మాట రాసి, సంతకం చేసి, ఈ ఉదయమే పై అధికారికి ఇచ్చాను. నాకింకా పన్నెండేళ్ళ సర్వీసు ఉంది. ఏం చేస్తారో చేయనివ్వండి.

అన్నగారూ, మొన్న ఈ సంగతి రాస్తానంటే “ఇప్పుడెందుకయ్యా, ఎప్పుడో సర్దుకుపోయిందిగా,” అన్నారు. సర్దుకుపోలేదండీ. మీరు నిలబడ్డారు, నేను కూర్చున్నాను, జరిగింది అంతే. మీరు ఆయురారోగ్యాలతో, కంటినిండా నిద్రతో నిండు నూరేళ్ళు వర్ధిల్లాలి. ఇకపై మీరూ వదినగారూ పక్కపక్క సీట్లలో, కిటికీ దగ్గర, సామాన్య ప్రయాణికులుగా ఎన్నో ఊళ్ళు చూసి రావాలి. దారిలో ఎవరో నిలబడి ఉన్నారని మీరు లేవబోతారు, నాకు తెలుసు. అప్పుడు వదినగారు మీ చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టాలని నా ఆకాంక్ష.