గుట్టను నమ్మి ఒట్టేస్తి

"అవ్వా, గుట్టకల్ల తిరిగి కూర్సో, ఒక ఫోటో తీసుకుంటా" అంటివా? గుట్ట యాడుందే పాపా! క్వారీ వాళ్లు తూటాలు పెట్టి పగలగొట్టి, కంకర సేసి, రోడ్లకేసిరి. నువ్వు ఆదోని నుంచి బండిలో వస్తివే, ఆ రోడ్డు కింద ఉండేది మా గుట్టే.

ఇట్ల మారిపోయిన ఊర్లన్నీ తిరిగి ఫోటోలు తీస్తాండావు కదా, తియ్యి. నేను మాత్రం అటు తిరగను. మంచం గోడకల్ల ఊరికే ఏసుకున్నాననుకుంటివా?

నాకొక సెల్లెలుంది, రంగమ్మ. గుట్టకు ఇవతల ఊరికి నన్నిచ్చినారు, అవతల ఊరికి దాన్నిచ్చినారు. మా పెద్దోని పెండ్లి... కాదు, ఉండు, నడిపోనిది. పెద్దోని పెండ్లికి వానకు పందిరి కూలిపాయె, అది యేరే కత. నడిపోని పెండ్లికి ఓళిగలు, మీరు బొబ్బట్లంటారే అవి, నేనే సేస్తి. నా ఓళిగ ఎట్లుంటాదో తెల్సా? ఎత్తి పట్టుకుంటే అవతల దీపం కనపడతాది. అట్లాంటిది, వియ్యాలోళ్ల పంక్తిలో, రంగమ్మ నెయ్యి గిన్నె సేతిలో పట్టుకోని, అందరూ ఇనేటట్లు, "అక్కా, బెల్లం సాల్లేదే" అనె! బెల్లం సాల్లేదంట! దాని నాలిక్కి ఏం తెల్సు?

"సచ్చేదాకా నీ మొగం సూడను" అని ఒట్టేస్తి. నడాన గుట్ట ఉండె కాబట్టి సులువుగా జరిగిపోతాండె. ఇప్పుడు పొద్దున లేస్తే సేన్లకవతల దాని వాకిలి, వాకిట్లో అది! సుక్కంత కనపడతాది, అయినా ఆ నడక నాకు తెలీదా? క్వారీ ఆయప్ప వస్తే అడిగితి, "రాయి తీసుకుంటివి, సరే. నా ఒట్టుకు అడ్డం ఏం పెడతావప్పా?" అని. నవ్వుకుంటా పాయె, సిగ్గులేనోడు.

ఫోన్లో అటుదిక్కు తీసినావా? ఏదీ, సూపియ్యి. ఓసినీ, ఇంత దగ్గరికొస్తాదా! ఉండు, జరపొద్దు. ఫోటోలో సూస్తే సూసినట్లు కాదులే. ఒట్టేసింది నేనే, సెప్పేది నేనే.

క్వారీ దుమ్ము ఊడుస్తాంది. గాలికెదురుగా ఊడుస్తారా ఎవరైనా? ఎప్పుడూ అంతే అది... నడుము ఇంత వంగిపాయెనా దానికి? నాకంటే సిన్నది గదే. మొగం కనపల్యా, ఇంగ కొంచెం పెద్దది సెయ్. ఊహూఁ, కొంగు అడ్డమొచ్చె.

పాపా, ఆ ఊరికి గూడా పోతావు కదా? ముందర నిలబడి దాని మొగం తీసుకోని రా. నేను పంపితినని సెప్పొద్దు. నన్ను గూడా ఒకటి తియ్యి. ఉండు, కొంగు సరిగ్గా ఏసుకోనీ. అది అడిగితేనే సూపియ్యి. అడక్కపోతే... ఫోను దాని సేతిలో పెట్టి, నీళ్లు తాగేదానికి లోపలికి పో.

సల్లగుండు తల్లీ, నీ కండ్లు సల్లగుండల్ల. పో, ఎండెక్కక ముందే పో. ఇంగా కూర్సోనే ఉండావేందే?