రెండో గడిలో లేని సంతకం

నా పేరు పైన రాసుకున్నారు. సరిగానే ఉంది, చూశాను. వయసు అరవై ఎనిమిది నిండింది. ఒకప్పుడు పెద్దాసుపత్రిలో ప్రసూతి వార్డు హెడ్ నర్సును. తరువాత ఆరు సంవత్సరాల నాలుగు నెలలు ఖైదీని. సత్ప్రవర్తన కింద మిగిలిన శిక్ష తగ్గించి వదిలారు. విడుదలై ఐదేళ్లయింది. ఇక నయం కాదని వైద్యులు పంపేసిన రోగులను చూసుకునే ఇంట్లో జీతం లేకుండా పనిచేస్తున్నాను. కూతురి దగ్గర ఉంటాను. నేను చెప్పేది నా మీదికే రావచ్చని మేజిస్ట్రేటు గారు రెండుసార్లు హెచ్చరించారు. మొదటిసారే అర్థమయింది.

అక్కడ రోగిగా ఉన్న దర్జీ చనిపోయిన కేసులో ఆ ఇంటి నర్సు మూడు రోజులుగా కస్టడీలో ఉంది. ఆమెకు ఇరవై నాలుగేళ్లు. మందు కొలిచినప్పుడు గదిలో తను తప్ప ఎవరూ లేరని చెప్పిందట. అది అబద్ధం. నేను ఉన్నాను.

నా పాత కేసు కూడా చెప్పాలి. ఒక బాలింతకు నేను ఇవ్వవలసిన ఇంజెక్షన్ కాక వేరేది ఇచ్చాను. ఆమె నలభై నిమిషాల్లో పోయింది. రిజిస్టరులో ఆ పేజీ చింపి కొత్తది రాశాను. ట్రేలు తారుమారు చేసింది ఆయా అని అందులో రాశాను. నా దస్తూరి బాగుంటుంది, అందరూ నమ్మారు. సిరా తేడా బయటపడేవరకు, ఇరవై మూడు రోజులు, ఆయా జైల్లో ఉంది. చదువు రాని మనిషి కనుక నేనేం రాశానో ఆమెకు ఎవరో చదివి చెప్పవలసి వచ్చింది.

నేను జైలుకు వెళ్లిన రెండో నెలలో ఆయా నన్ను చూడడానికి వచ్చింది. తిడుతుందనుకున్నాను. నన్ను కిందినుంచి పైదాకా చూసి, "మీకూ ఇదే చీర ఇచ్చారా అమ్మగారూ? నాకు పొట్టిగా అయ్యేది. మీకు సరిపోయింది" అంది. వెళ్లిపోయింది. మళ్లీ రాలేదు.

తరువాత రెండేళ్లు నేను ఎవరితోనూ పెద్దగా మాట్లాడలేదు. మా బ్యారక్‌లో ఒక ముసలి ఖైదీ పక్షవాతంతో పడిపోతే, నర్సువి కదా అని వార్డరు నాకు అప్పగించింది. నాకిష్టం లేదు. పదకొండు నెలలు ఆమెను కడిగాను, పక్క మార్చాను. పోయే ముందు ఆమె నా తల మీద చెయ్యి పెట్టబోయింది. చెయ్యి లేవలేదు. నేనే తల వంచి ఆ చేతి కింద పెట్టాను. ఆ రోజునుంచి ప్రార్థన చేస్తున్నాను. అంతకుముందు నాకు దేవుడితో పని లేదు. పోయేవాళ్ల దగ్గర కూర్చోవడానికే నన్ను బతకనిచ్చాడని నమ్మాను. ఇప్పుడూ నమ్ముతున్నాను.

మా రోగుల ఇంట్లో నొప్పి మందుకు ఒక పద్ధతి ఉంది. పెట్టింది నేనే. ఒకరు సీసా మీది అక్షరాలు బయటికి చదవాలి. రెండోవారు కళ్లతో చూసి, తామూ చదవాలి. తరువాతే కొలవాలి. రిజిస్టరులో రెండు గడులుంటాయి, ఇద్దరూ సంతకం చేయాలి.

సోమవారం మధ్యాహ్నం రెండు గంటల పది నిమిషాలకు నేను దర్జీ మంచం పక్కన ఉన్నాను. అతని వయసు డెబ్బై ఒకటి. కడుపులో క్యాన్సరు. నొప్పిలోనూ నోరు ఊరుకోదు. "అమ్మగారూ, ఈ దుప్పటి అంచు కుట్టినవాడెవడో గానీ, దారం సొంత పేగుల్లోంచి తీసినట్టు పిసినారితనం చేశాడు" అన్నాడు. తరువాత, "మీ దేవుడితో మాట్లాడతారుగా, నా నొప్పి సంగతి కూడా ఓ మాట చెవిన వెయ్యండి" అన్నాడు.

అతని చెయ్యి పట్టుకుని కళ్లు మూసుకున్నాను.

నర్సు సీసాతో వచ్చి, "మిల్లీలీటరుకు రెండు మిల్లీగ్రాములు" అని చదివింది. నేను కళ్లు తెరవకుండానే "రెండు మిల్లీగ్రాములు" అన్నాను. ఆమె ఐదు మిల్లీలీటర్లు కొలిచి తాగించింది. ఆ సీసా ఆ ఉదయమే వచ్చిన కొత్తది. మూత పాతదాని రంగే. సీసా మీద ఉన్నది ఇరవై, పదింతలు. ఆమె రోజూ చదివేదే చదివింది. అలాంటి పొరపాటు ఎవరైనా చేస్తారు. రెండో మనిషి ఉండేదే అందుకు. నేను దేవుణ్ణి చూస్తున్నాననుకుని సీసాను చూడలేదు.

మూడున్నరకు ఊపిరి మందగించింది. డాక్టరు వచ్చేసరికి నాలుగు ముప్పై ఐదు. అతను అప్పటికే పోయాడు. ఎలాగూ వారంలో పోయేవాడని డాక్టరు అన్నారు. ఆ వారం అతనిది.

రిజిస్టరులో రెండో గడి ఖాళీగా ఉంది. ప్రార్థన అయ్యాక సంతకం చేద్దామనుకున్నాను. నర్సు సీసా మళ్లీ చదివి, నా వైపు చూసి, "మీరు ఇంటికెళ్లిపోండి అమ్మమ్మా. మీరు మళ్లీ లోపలికెళ్తే తట్టుకోలేరు. నేను చిన్నదాన్ని" అంది. నేను వెళ్లాను. మూడు రోజులు ఇంట్లో కూర్చున్నాను. ఆ మూడు రోజులు కూడా రాసుకోండి.

నిన్న సాయంత్రం మా అమ్మాయికి చెప్పాను. "నిన్నెవరైనా అడిగారా? ఆ పిల్ల తనంతట తనే ఒప్పుకుంది కదా అమ్మా" అంది. మనవరాలికి తొమ్మిదేళ్లు. నేను జైల్లో ఉన్నప్పుడు దూరపు ఆసుపత్రిలో ఉద్యోగం చేస్తున్నానని దానికి చెప్పి ఉంచారు. "నీ కోసం చెప్పాల్సిన అబద్ధాలన్నీ చెప్పేశాను. ఇక నా దగ్గర మిగల్లేదు" అని మా అమ్మాయి ఏడ్చింది.

"ఈసారి నిజమే చెప్పు" అన్నాను.

"అంత చిన్నపిల్లకా?"

"అవును. నేనే చెబుతాను, పిలువు."

పిలవలేదు. పొద్దున నేను బయలుదేరేటప్పుడు పిల్ల నిద్రలో ఉంది.

ఆ ఖాళీ గడిలో ఇప్పుడు సంతకం చేయమన్నా చేయను. రిజిస్టరును ఎవరూ ముట్టుకోకూడదు. నా సంతకం ఈ కాగితం మీద ఉంటుంది. ఆ మందు ఇచ్చింది నర్సు ఒక్కతే కాదు, ఇద్దరం. ఆమె కంటే నలభై నాలుగేళ్లు పెద్దదాన్ని, ఒకసారి ఇదే తప్పు చేసినదాన్ని, కనుక ముందు నన్ను అడగాలి.

ఈ వాంగ్మూలం నేను చెప్పినట్టే రాశారు. చదివి చూసుకున్నాను. ఇందులో ఉన్నది నిజం. చెప్పమని నన్నెవరూ బెదిరించలేదు, ఆశ పెట్టలేదు. వద్దన్నవాళ్లు మాత్రం ఇద్దరున్నారు. ఇద్దరూ నా మీది ప్రేమతోనే అన్నారు.

(సంతకం)
గురువారం, ఉదయం పదకొండు గంటల ఇరవై నిమిషాలు