కాలవ వంతెన దగ్గర డెబ్బై

పెద్దాయన ఒలిండో వంటింటి బల్ల దగ్గర కూర్చుని ఉన్నాడు. ఎదురుగా ఆకుపచ్చ కవరు. కూతురు నివెస్ పళ్ళ గోదాములో షిఫ్టు దిగి, నడుముకి కట్టుకున్న గుడ్డ కూడా విప్పకుండా తలుపు తోసుకొచ్చింది.

"చూశావా, అనుకుంటూనే ఉన్నాను. నువ్వు ఫోన్ చేసి 'తొందరేం లేదు, నెమ్మదిగా రా' అన్నప్పుడే తెలిసిపోయింది నాకు. మళ్ళీ వచ్చిందన్నమాట."

"కూర్చో అమ్మా."

"ఎప్పుడొచ్చింది?"

"నిన్న. పోస్టు అమ్మాయి సంతకం పెట్టించుకుని ఇచ్చిపోయింది. కూర్చో ముందు."

"నిన్నొస్తే ఇవాళా చెప్పేది? విప్పను కూడా లేదే!"

"నీదేగా. నాకెందుకని."

"నేను నడిపే కారు కూడా నీ పేరునే ఉంది నాన్నా. చలానా నీ పేరునే వస్తుంది. ఎన్నిసార్లు చెప్పాలి? చాకేదీ... ఆఁ, ఇదిగో. అక్కడే. కాలవ వంతెన దగ్గరే. డెబ్బై దాటకూడని చోట తొంభై నాలుగు. పొద్దున ఐదూ పన్నెండు."

"ఊఁ."

"ఊఁ ఏంటి? తిట్టవా?"

"ఇప్పుడు ఎంత వేగంలో వచ్చావు?"

"ఇప్పుడా? డెబ్బై. ఒట్టు. వెనకాల ట్రాక్టరు వాడు కూడా హారన్ కొట్టాడు, పక్కకి పొమ్మని."

"మంచిది."

"ఎగతాళి చెయ్యకు."

"చెయ్యట్లేదమ్మా. ఏమన్నా తింటావా? సూప్ ఉంది. పొద్దున్నించి ఏం తిన్నావో."

"సూప్ ఎక్కడికీ పోదు. నీకెన్ని మిగిలాయి?"

"ఏవి?"

"పాయింట్లు నాన్నా, చలానాకి మూడేసి కోస్తారే, లైసెన్సు మీద పాయింట్లు. ఇంకేం అడుగుతాను!"

"మూడు."

"మూడా? ఆరుండాలే!"

"అల్లుడి చలానా పోయిన నెల ఒకటి, నేనే నడిపానని రాశాను."

"ఆయన నీ దగ్గరికొచ్చాడా? నాకు చెప్పకుండా? సిగ్గులేకపోతే సరి!"

"నువ్వు తెచ్చినప్పుడు అతనూ ఇదే మాట అన్నాడు."

"నాది వేరు. నేను పనికెళ్ళడానికి. ఆయన ఎందుకెళ్ళాడట అంత వేగంగా?"

"బంతాట మొదలైపోతోందట."

"చూశావా, చూశావా! ముప్ఫై ఉండేవి నీకు. ఊళ్ళో ఎవరికీ లేవు ముప్ఫై."

"నలభై ఏళ్ళు ఒక్క తప్పు లేదు. ఇప్పుడు బార్లో నన్ను రేసుగాడంటున్నారు."

"ఎవరంటున్నారు?"

"అందరూ. మునిసిపల్ పోలీసాఫీసులో కూడా. అక్కడ కళ్ళజోడాయన పోయినసారి అడిగాడు, ఎనభై రెండేళ్ళ మనిషి తెల్లారకముందే అంత జోరుగా ఎక్కడికండీ అని."

"నువ్వేమన్నావ్?"

"చేపలకన్నాను."

"చేపలకా!"

"చేపలు ఆగవన్నాను."

"నవ్వాడా?"

"లేదు. ముద్ర కొట్టాడు."

"ఆయనకి తెలుసులే. అందరికీ తెలుసు. ఈ చుట్టుపక్కల కెమెరాకి దొరికిందంతా ముసలాళ్ళే. కుర్రాళ్ళందరూ బుద్ధిమంతులే, కాగితం మీద."

"నివెస్, ఒక మాట."

"ఆగు నాన్నా. ముందు ఇది తేల్చుకోనీ, లేకపోతే బుర్ర పని చెయ్యదు. నాకు రెండే ఉన్నాయి. ఇది నేనే నడిపానని రాశావనుకో, నాకు సున్నా. సున్నా అయితే మళ్ళీ పరీక్షకి కూర్చోవాలి. తప్పానా, లైసెన్సు లాక్కుంటారు. లాక్కుంటే పొద్దున ఐదింటికి మన ఊళ్ళోంచి బస్సుందా?"

"లేదు."

"ఆరింటికి గోదాములో బెల్టు తిరగడం మొదలవుతుంది. పళ్ళు వస్తూనే ఉంటాయి, ఎవరి కోసమూ ఆగవు. నేను లేకపోతే నా చోట ఇంకొకత్తి నిలబడుతుంది. మర్నాడు నేనెళ్తే, 'నువ్వెవరమ్మా' అంటారు."

"ఐదు నిమిషాలు ముందు బయల్దేరొచ్చుగా."

"నాలుగింటికి లేస్తున్నా నాన్నా! ఇంకా ముందంటే పడుకోకుండానే లేవాలి. వేగం నాకేం సరదానా? రైలు గేటు. ఐదూ పదిహేనుకి వేస్తాడు, గూడ్సు బండి పోయేదాకా తియ్యడు. గేటు పడకముందే దాటాలంటే వంతెన దగ్గర తొక్కాలి. తొక్కితే కెమెరా ఫోటో తీస్తుంది. ఏం చెయ్యను, చెప్పు?"

"అది కాదమ్మా నేననేది..."

"తెలుసు, తెలుసు. నువ్వేమంటావో తెలుసు. ఇవి ఇచ్చేస్తే నీకు సున్నా. నువ్వూ పరీక్ష రాయాలి."

"నాకు పరీక్షేంటి. మూడో తరగతి చదివినోణ్ణి."

"కంప్యూటరు మీదే నాన్నా. అవును కాదు అని నొక్కడమే."

"చూశాను ఒకసారి. 'కింది వాటిలో ఏది నిజం కాదు' అని అడుగుతాడు. నిజం కానివి నేనెందుకు నేర్చుకుంటాను?"

"హుఁ. నవ్వించకు, ఏడుపొస్తోంది నాకు. నీ లైసెన్సు పోతే అమ్మ సంగతేంటి? గురువారాలు, ఆదివారాలు ఎలా వెళ్తావు సిస్టర్ల వృద్ధాశ్రమానికి? నువ్వు పెడితేనే తింటుందంటున్నారు. పోయినవారం నేను పెడితే మొహం తిప్పేసుకుంది. నన్ను నర్సనుకుంటోంది. 'మా ఆయనొస్తాడు, నువ్వు పో' అంది నాతో."

"అందా?"

"అంది. నీకు చెప్పలేదులే."

"ఎప్పుడు?"

"శనివారం. ఎందుకలా చూస్తావ్?"

"ఏం లేదు. మా ఆయనొస్తాడు అందా?"

"అదేగా చెప్తున్నా. అవునూ, ఇవాళ గురువారం కదా! ఇంట్లో ఉన్నావేంటి? ఈ పాటికి అక్కడుండాలే నువ్వు."

"వెళ్ళొచ్చాను."

"ఎప్పుడు?"

"పొద్దున."

"పొద్దున రానివ్వరుగా? స్నానాలూ అవీ అని."

"ఇవాళ రానిచ్చారు."

"మంచిదే. ఏమన్నా తీసుకెళ్ళావా?"

"పీచ్ పండు. నువ్వు మొన్న తెచ్చినవాటిలోది."

"తిందా?"

"లేదు."

"ముక్కలు పెద్దవి చేసుంటావు."

"కొయ్యలేదు. జేబులోనే ఉండిపోయింది."

"అదేంటి, అంత దూరం తీసుకెళ్ళి! మతిమరుపు నీకూ వస్తోందా? ఒక్కరు చాలు నాకు ఇంట్లో."

"అమ్మాయ్, ఆ కాగితం ఇలా ఇవ్వు."

"ఏ కాగితం?"

"నడిపిందెవరో రాసేది. కలం కూడా."

"ఎందుకు?"

"సంతకం పెడతాను. ఎక్కడ?"

"ఆగు, ఆగు. పోయినసారి ఎంత గొడవ చేశావు! 'నా కాళ్ళు నరికి తీసుకుపోండి' అన్నావు. మూడు రోజులు ఫోనెత్తలేదు. ఇప్పుడేమో నేనింకా అడగనేలేదు..."

"అడగడానికేగా వచ్చావు."

"నువ్వు రమ్మంటే వచ్చాను!"

"సరే. నేనే రమ్మన్నాను. ఎక్కడ పెట్టాలి?"

"నాన్నా, నిజం చెప్పు. కళ్ళు కనపడట్లేదా? డాక్టరు ఏమన్నా అన్నాడా?"

"కళ్ళు బానే ఉన్నాయి. ఈ గీత మీదనా?"

"దాని కింద. ఆగమంటున్నానా! ఇవి నీ ఆఖరివి. ఇవి పోతే ఇంక లేవు. నాకు మాత్రం మనసొప్పుతుందా? వస్తూ దారంతా అదే అనుకున్నాను. ఈసారి అడగకూడదు, నా పేరే రాయించాలి, పరీక్షకి చదువుకోవాలి అని. గుమ్మం ఎక్కేసరికి ఏమైందో, అడగడం మొదలెట్టేశాను."

"పెట్టాను. చూసుకో. కొంచెం వంకరొచ్చింది."

"పెట్టేశావా?"

"తేదీ నువ్వు వెయ్యి. నాకు అంకెలు కుదరట్లేదు."

"వేస్తాలే. ఇవాళ్టిదేగా?"

"ఇవాళ్టిదే."

"నాన్నా, నేను ఆదివారాలు తీసుకెళ్తాను. ఒట్టు. గురువారం నా వల్ల కాదు, ఆయన్ని అడుగుతా. బంతాట చూడ్డం మానేసి తీసుకెళ్తాడు, తీసుకెళ్ళకపోతే నేనూరుకుంటానా!"

"అక్కర్లేదు."

"అక్కర్లేదంటే? నడుస్తావా? పద్నాలుగు కిలోమీటర్లు!"

"నివెస్."

"సైకిలు తియ్యకు. ఆ మోకాళ్ళతో సైకిలు తీశావంటే మర్యాదగా ఉండదు. లేకపోతే ఒక పని చేద్దాం, ఈ కాగితం చింపేద్దాం. చింపేసి నా పేరే రాద్దాం. ఏమైతే అదవుతుంది. అమ్మకి నువ్వు కావాలి, నాకు..."

"చింపకు. నీకు పనుండాలి."

"అమ్మ ఎదురుచూస్తూ ఉంటుంది కదా నాన్నా!"

"కూర్చో అమ్మా."

"వచ్చినప్పట్నించీ కూర్చో కూర్చో. ఇదిగో, కూర్చున్నా. చెప్పు. ఏంటి?"

"పొద్దున ఐదూ పదికి సిస్టర్ ఫోన్ చేసింది, మీ అమ్మ నిద్రలోనే పోయిందని. నువ్వప్పుడు రోడ్డు మీద ఉంటావు, చెబితే ఇంకా తొక్కుతావని చెప్పలేదు."