కిటికీ మీద ఇంటూ మార్కు

ఆదివారం జర్మనీలోని జీగెన్‌లో, పాత వస్తువులు అమ్మే సంత ఫ్లోమార్క్ట్‌లో, పాత పోస్టుకార్డులు అమ్మే ముసలాయన బల్ల దగ్గర, ఒకే ఫ్లాట్‌లో ఉంటున్న ఇద్దరు ఎమ్మెస్ అమ్మాయిలు వంగి చూస్తున్నారు.

“ఐర్లండ్‌లో ఏదో చిన్న ఊరట. బండివాడు, రొట్టెల కొట్టువాళ్ళు, పిల్లలు, వీధి వీధంతా ఆగిపోయి కెమెరా వైపే చూస్తున్నారు చూడవే!”

“నూట పదేళ్ళ కిందటి ఊరు ఊరంతా! మరి ఈ మేడ కిటికీ మీద ఇంకుతో ఇంటూ మార్కెందుకు?”

“ఆగు, వెనకాల జర్మన్‌లో రాసుంది. అక్కడ పనికెళ్ళిన పిల్ల ఇక్కడి వాళ్ళమ్మకి రాసింది. ‘నా గది ఇదే. ఫోటో తీసిన రోజు జ్వరమొచ్చి కిందికి దిగలేదు. కిటికీలో ఉన్నాను, చూడు.’”

“ఆ తాతనడిగి భూతద్దం ఇప్పించు... అమ్మో, ఉందే! అద్దానికి చెయ్యి ఆనించి నిలబడింది!”

“ఏదీ, ఇటివ్వు... అవునే, ఉంది!”

“నేనూ వచ్చిన కొత్తలో మన బిల్డింగ్ ఫోటో మీద ఎర్ర సున్నా చుట్టి అమ్మకి వాట్సాప్‌లో పెట్టా, మూడో ఫ్లోర్‌లో ఇదే నా గదని.”

“ఆంటీ ఏమన్నారు?”

“జూమ్ చేసి మరీ చూశాను, కిటికీలో నువ్వు లేవేంటే, అంది.”

“ఫోటో తీసేది నువ్వైతే ఎలా ఉంటావ్?”

“అందుకే, పద ఇంటికి. నేను పైకెళ్ళి నిలబడతా. నువ్వు కింద నుంచి తియ్యి.”