బీరువా వెనక గోడ

ముందు గది సంగతి చెప్పాలి. దాని లోపలి గోడకి పాత పూత రాలిపోయి ఇటుకలు బయటపడ్డాయి. నెలన్నరలో నా కూతురు పసిబిడ్డతో వచ్చి ఆ గదిలోనే ఉంటుంది. ఉయ్యాల ఆ గోడ పక్కనే వేయాలి, వేరే చోటు లేదు. మేస్త్రీ వచ్చి గోడని వేలితో తట్టి చూసి, పూత, ఆరడం, రంగు అన్నీ కలిపి నెల పడుతుందన్నాడు. సరే రమ్మందామని వరండాలో టీ ఇస్తుంటే మా మరిదిగారు, అంటే మా చెల్లెలి భర్త, అడ్డుపడ్డారు. ఇంట్లో మనిషుండగా బయటి మనిషెందుకు, తనకి వదిలేస్తే ఒక్క పూటలో తేల్చేస్తానన్నారు. ఆయన్ని కాదంటే ఏడాది మాట్లాడరు. మా చెల్లెలు పక్కనే కూర్చుని బఠాణీలు ఒలుస్తోంది.

"మా పడగ్గది గోడ నేనే పూశాను వదినగారూ. ఒక్కణ్ణే. పొద్దున టీ తాగి తాపీ పట్టుకున్నాను, భోజనాల వేళకి కడిగి పక్కన పెట్టాను. గొప్పలు చెప్పుకునే మనిషిని కాను, మీకు తెలుసు."

మేస్త్రీ ఒకటే అడిగాడు. "పూతకి ముందు ఇటుకలు తడిపారాండీ?"

ఎండిన ఇటుక దాహంతో ఉన్న మనిషి లాంటిది. ముందు దాని దాహం తీర్చకపోతే పూతలోని నీళ్లు తాగేస్తుంది, పూత గోడని పట్టుకోదు.

"తడపడం చేతకానివాళ్ల పని. నా చేతిలో సిమెంటు చెప్పినమాట వింటుంది. రంగు వేశాక ఎంత నున్నగా వచ్చిందంటే, ఓ బల్లి పాకబోయి సర్రున జారి కింద పడింది. లేచి మళ్లీ ఎక్కింది, మళ్లీ జారింది, మూడోరోజుకి సిగ్గుపడి పక్కింటికి కాపురం మార్చేసింది. ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఆ పక్కింటాయనే వచ్చి, గోడలో తన బొమ్మ చూసి, ఎవరో పెద్దమనిషి తనకంటే ముందే వచ్చాడనుకుని తలూపాడు. అవతలాయనా ఊపాడు. ఈయన కూర్చుంటేగాని ఆయన కూర్చోడు, ఆయన కూర్చుంటేగాని ఈయన కూర్చోడు. గంటసేపు నిలబడే ఉన్నారు మర్యాదస్తులు, నేనొచ్చి విడదీశాను."

"అయితే మీ ఇంట్లో అద్దం అక్కర్లేదన్నమాట," అన్నాడు మేస్త్రీ టీ ఊదుకుంటూ.

"అద్దమేమిటయ్యా, దీపమే అక్కర్లేదు. పొద్దున కిటికీలోంచి పడ్డ ఎండ ఆ గోడకి తగిలి, బయటికి దారి దొరక్క, గదిలోనే తిరుగుతుంటుంది. నిద్రపట్టాలంటే గోడకి దుప్పటి కప్పాలి. మీటరు తిరగడం లేదని కరెంటువాళ్లు వచ్చారు, దొంగ కరెంటేమోనని ఇల్లంతా వెతికారు, చివరికి గోడని చూసి, వీధి మొత్తానికి ఇక్కణ్ణుంచే తీగ లాగుతాం, సంతకం పెట్టండన్నారు. నేనే వద్దన్నాను, గోడ అలిసిపోతుందని."

మేస్త్రీ నా వంక చూశాడు. నేను గది వంక చూశాను.

"రేపు ఇక్కడా అంతే వదినగారూ. మీరు ఉయ్యాల తెచ్చి గోడ పక్కన పెట్టుకోవడమే తరువాయి."

మా చెల్లెలు చేతిలోని బఠాణీలు గిన్నెలో వేసింది. తలెత్తలేదు.

"అక్కా, ఆ గోడకి మా ఇనప బీరువా ఆనించి ఉంటుంది, చూశావుగా. అది జరిపితే పూత ఊడి కింద పడుతుంది. రెండేళ్లయింది దాని వెనక ఊడ్చి. ఊడే పూతని ఉయ్యాల ఆపలేదక్కా."

మరిదిగారు గ్లాసులో మిగిలిన టీ తాగేశారు. తర్వాత, ఆ బీరువాని అక్కడికి జరిపింది మాత్రం తనేనని, అదీ ఒంటిచేత్తోనని అన్నారు.

అంత బలం ఉన్న మనిషి బకెట్లు మోయగలరు. మేస్త్రీని ఏడింటికి రమ్మని, ఇటుకలు తడిపే పని ఆయనకి అప్పగించాను.