గడియల పలక

మూడో అంతస్తులో రెండు గదుల వాటా. తాళాలు, గడియలు బాగుచేసే ఆయన పట్టపగలే షాపు మూసి వచ్చి, స్టూలెక్కి, సొంత ఇంటి తలుపుకి పైన కొత్త గడియ బిగిస్తున్నాడు. భార్య పక్కనే నిలబడి ఉంది. నాలుగేళ్ళ కూతురు లోపలి గదిలో ఆడుకుంటోంది.

"అంత పైనెందుకండీ? కాస్త కిందికి పెట్టండి."

"ఎంత కిందికి? దాని మోకాలి దగ్గర పెట్టనా? చెయ్యెత్తే శ్రమ కూడా లేకుండా తీసుకుని పోతుంది."

"నేను ఆ మాటన్నానా? నాకూ అందాలి కదా."

"స్టూలెక్కు."

"ప్రతిసారీనా? పాలతను వస్తే స్టూలు, చెత్త బండి వస్తే స్టూలు..."

"ఎక్కు. ఎక్కి దిగితే నిద్రమత్తన్నా వదులుతుంది. ఆ పెన్సిలు ఇలా పడెయ్."

"ఇదిగోండి."

"పదకొండింటికి! నాలుగేళ్ళ పిల్లని ఇంట్లో పెట్టుకుని, పొద్దున పదకొండింటికి గుర్రుపెట్టి నిద్రపోయావు. ఏ తల్లయినా చేసే పనేనా అది?"

"చెప్పాను కదా. రాత్రి సరిగ్గా నిద్రలేదు. అలా ఒరిగాను. పట్టేసింది."

"ఒరిగావా? పొయ్యి మీద గిన్నె మాడి బొగ్గయింది. ఆ కంపు కింది మెట్టుదాకా కొడుతోంది. నేనొచ్చి పొయ్యి కట్టేదాకా నీకు తెలీలేదు. దాన్ని ఒరగడం అంటారా?"

"తప్పయిపోయింది అన్నాను. ఎన్నిసార్లు అనాలి?"

"నా కోపం తీరేదాకా అను. ఆ నీళ్ళ క్యాన్లతను ఫోన్ చేసినప్పుడు నేనేం చేస్తున్నానో తెలుసా? ఒకాయన బీరువా తాళం పోగొట్టుకుంటే దాని ముందు బోర్లా పడుకుని ఉన్నా. 'అన్నా, మీ పాప మెట్ల మీద ఒక్కతే కూర్చుంది, అమ్మ పడుకుంది, లేవట్లేదు అంటోంది' అన్నాడు. సామానంతా అక్కడే వదిలేసి వచ్చా. బండి ఎలా నడిపానో నాకే తెలీదు."

"నాకు మాత్రం భయం లేదా?"

"ఆ మెట్లకి కమ్మీల్లేవు. ఇంటాయన పోయినేడాది ఊడదీయించి ఇంతవరకు పెట్టలేదు. తెలుసు కదా నీకు?"

"తెలుసు."

"తెలిసీ! ఒక్క అడుగు అటు పడితే? ఒక్క అడుగు! మూడంతస్తులు! దాన్ని ఎత్తుకుని ఆ మెట్టు మీదే కూలబడ్డా. ఆ నీళ్ళతనే నన్ను పట్టుకుని మెట్లెక్కించాడు."

"భయం లేదా అని అడిగాను. జవాబు చెప్పరే?"

"భయం ఉన్నవాళ్ళకి నిద్రెలా పడుతుంది? అది చెప్పు ముందు."

"నేనేమన్నా కావాలని పడుకున్నానా?"

"సరే, నిన్ననడం ఎందుకు. అసలు తప్పు నాది. ఆ గడియల పలక చేసిచ్చిన చేతుల్ని అనాలి."

"ఆ పలక జోలికి వెళ్ళకండి."

"ఎందుకు వెళ్ళకూడదు? 'ఆడుతూ నేర్చుకుంటుందండీ, వేళ్ళకి బలం వస్తుంది, బళ్ళో వేశాక పెన్సిలు చక్కగా పట్టుకుంటుంది' అన్నావు. నిజమే కాబోలనుకున్నా. షాపులో మిగిలిన గొళ్ళేలూ గడియలూ ఏరి, పిల్ల వేళ్ళు కోసుకోకుండా అంచులన్నీ గరుకు కాగితంతో రుద్ది, చెక్కకి బిగించి తెచ్చా. నెల తిరక్కుండా ఏమన్నావు? 'ఇవి కాదు, మన తలుపుకున్నలాంటిదే కావాలి' అన్నావు. అదే సైజు, అదే గుబ్బ. రెండు రోజులు తిరిగి వెతికి తెచ్చా, వెర్రివెధవని."

"మిగతావి దానికి తేలిగ్గా వచ్చేస్తున్నాయి. కాస్త కష్టమైంది ఇద్దామని..."

"ఊళ్ళోవాళ్ళ ఇళ్ళకి భద్రంగా తాళాలు బిగించేవాణ్ణి. నా ఇంటి తలుపు తియ్యడం నా కూతురికి నేనే దగ్గరుండి నేర్పించుకున్నా. ఎవరికన్నా చెప్తే నవ్విపోతారు."

"ఎవరికీ చెప్పకండి."

"ఎప్పుడు చూసినా అవే ఆటలు. గుండీలు కుప్పపోసి రంగులవారీగా ఏరడం. గ్లాసులోంచి గ్లాసులోకి నీళ్ళు పొయ్యడం, ఇల్లంతా చెరువు చెయ్యడం. మంచం కింద చెంచాలు దాచి లెక్కపెట్టించడం. పోయిన వారం నా షూ కనపడక ఇల్లంతా గాలిస్తే దాంట్లో పదకొండు చెంచాలున్నాయి!"

"దాని వల్లే మీ కూతురు తడుముకోకుండా ఇరవైదాకా లెక్కపెడుతోంది. మీ అక్క కొడుకు ఆరేళ్ళొచ్చినా పది దాటితే కాలివేళ్ళు చూసుకుంటాడు."

"మా అక్క పేరెత్తకు."

"ఎత్తింది మీరు! వస్తూనే గుమ్మంలో నిలబడి అరిచారు కదా, రేపు పిల్లని అక్కింట్లో దింపేస్తానని."

"దింపుతా. అందులో అనుమానం లేదు. రేపు పొద్దున్నే."

"దింపరు."

"ఎవరాపుతారు?"

"నేను. నా పిల్ల అది."

"నీ పిల్ల అని మెలకువగా ఉన్నప్పుడు గుర్తుపెట్టుకో. జరుగు, డ్రిల్లు పెడుతున్నా."

"వినండీ, నా మాట..."

"వినపడట్లేదు!"

"అదే నేను చెప్పేది! మీకు ఎప్పుడు వినపడుతుంది? ఫోన్ చేస్తే డ్రిల్లు. మళ్ళీ చేస్తే తాళంచెవులు కోసే మిషను. మూడోసారి ఎవరో వచ్చి నిలబడ్డారు. పోయిన వారం ఒక్కరోజే తొమ్మిదిసార్లు చేశాను. ఒక్కసారన్నా ఎత్తారా?"

"సాయంత్రం చూసి నేనే చేశా కదా. ఏమన్నావు? 'ఏం లేదు, ఊరికే' అన్నావు."

"సాయంత్రానికి చెప్పడానికి ఏం మిగులుతుంది?"

"ఏమైంది ఆ రోజు?"

"ఏం కాలేదు."

"ఊరికే తొమ్మిదిసార్లు చేస్తారా ఎవరన్నా? ఒంట్లో బాగోలేదా?"

"బాగానే ఉంది."

"బాగోకపోతే చెప్పి ఏడవచ్చు కదా."

"చెప్తే ఏం చేస్తారు? పిల్లని మీ అక్క దగ్గర, నన్ను మా అమ్మ దగ్గర. అంతేగా? నాకు కామెర్లొచ్చినప్పుడు అదే చేశారు. నెలన్నర. తిరిగొచ్చి చేతులు చాపితే నా కూతురు మీ అక్క వెనక దాక్కుని 'ఎవలు?' అని అడిగింది. మీరు నవ్వారు. గుర్తుందా? అందరూ నవ్వారు."

"రెండేళ్ళనాటి సంగతి ఇప్పుడెందుకు తవ్వుతావు?"

"ఎందుకంటే మళ్ళీ అదే మాటంటున్నారు కాబట్టి."

"ఇవాళ నువ్వు చేసిన పనికి ఎవరైనా అదే అంటారు. బుడ్డీ! ఇలా రా."

"దాన్నెందుకు పిలుస్తారు? ఇప్పుడే ఏడుపు మానింది."

"బుడ్డీ!"

"వచ్చా నాన్నా. ఈ చెక్కపొట్టు నాకిస్తావా? దీనితో గూడు కడతా."

"ఇస్తాగానీ ముందు ఒకటి చెప్పు. పొద్దున తలుపెందుకు తీశావు?"

"తీశా."

"అదే, ఎందుకు?"

"ఆట."

"తలుపు తీసుకుని ఒక్కదానివే పోవడం ఏం ఆటే? ఎవరు నేర్పారు?"

"అమ్మ."

"నేనా? నేనెప్పుడు చెప్పానే? పలక మీద గడియ తియ్యమన్నానుగానీ తలుపు తియ్యమన్నానా?"

"అన్నావు! తలుపుదే తియ్యమన్నావు. చిన్న స్టూలు ఎక్కి, గుబ్బ ఇలా పైకెత్తి, పక్కకి లాగమన్నావు. మొదటిసారి వచ్చినప్పుడు ముద్దు కూడా పెట్టావు."

"చూశావా, అబద్ధాలు కూడా నేర్చింది. ఇవి ఏ ఆటలో వచ్చాయి? చెవులు పట్టుకో."

"వద్దండీ, వదిలెయ్యండి."

"పట్టుకోవే! ఇంకెప్పుడూ అబద్ధం చెప్పను అను."

"నేను చెప్పలేదు! అమ్మే చెప్తోంది!"

"ఎదురు మాట్లాడావంటే ఒక్కటి పడుతుంది..."

"చెయ్యి దించండి! దించమంటున్నానా? అది అబద్ధం చెప్పలేదు. నేనే చెప్పా. తలుపు తియ్యడం నేనే నేర్పా."

"ఏంటీ?"

"స్టూలు నేనే పెట్టా. రోజుకి నాలుగుసార్లు నేనే తీయించా. చాలా? రా తల్లీ, ఏడవకు. అమ్మదే తప్పు. అమ్మే అబద్ధం చెప్పింది."

"నీకు మతిగానీ పోయిందా? ఎందుకు నేర్పావు?"

"ఆట."

"నువ్వూ ఆటే అంటావేంటి! తల్లీకూతుళ్ళిద్దరూ కలిసి నాకు పిచ్చెక్కిస్తున్నారు. ఏం ఆట అది?"

"మీకు చెప్పినా అర్థం కాదు."

"నేను చెప్తా నాన్నా! నాకు మొత్తం వచ్చు. అమ్మ కింద పడుకుంటుంది. నేను పిలవాలి. అమ్మ పలకదు. గిల్లినా పలకదు. అప్పుడు ఇరవైదాకా లెక్కపెట్టాలి. గబగబా కాదు, మెల్లిగా. అప్పటికీ లేవకపోతే స్టూలు, గడియ, తలుపు. గోడ పట్టుకుని మెట్లెక్కాలి. అంచు వైపు వెళ్తే ఔట్. పై ఇంట్లో అత్త తలుపు దబదబా కొట్టి, అత్తని అమ్మ దగ్గరికి తీసుకురావాలి. అప్పుడు నేను గెలిచినట్టు."

"చాలు బుడ్డీ. లోపలికెళ్ళు."

"ఇవాళ అత్త లేదు. తలుపుకి తాళం ఉంది. మరి నేను ఓడిపోయానా అమ్మా?"

"లేదమ్మా. నువ్వు ఓడిపోలేదు. వెళ్ళు, ఆ పొట్టు తీసుకెళ్ళి గూడు కట్టుకో."

"ఓహో. ఇప్పుడు తెలిసింది. అంతా తెలిసింది."

"ఏం తెలిసింది?"

"నువ్వు పగటిపూట హాయిగా పడుకోవాలి. పిల్ల అడ్డం. అందుకని దాన్ని పైకి తోలేస్తే పైనున్న కుట్టుమిషనావిడ చూసుకుంటుంది. దానికో ఆట, ఆ ఆటకో పలక, ఆ పలక చెయ్యడానికి నేనో బకరా! ఆవిడేమన్నా నీ పిల్లకి జీతమిచ్చి పెట్టుకున్న ఆయానా? నేనన్నది నిజమా, కాదా?"

"నెమ్మదిగా మాట్లాడండి. అది వింటుంది."

"నిజమా, కాదా?"

"నిజమే. నిద్రపోడానికే నేర్పా. నేను బద్ధకస్తురాలిని, నిద్రమొహాన్ని, మీ ఇష్టం వచ్చినట్టు అనుకోండి. పిల్లని మాత్రం పంపొద్దు."

"ఎంత తేలిగ్గా అనేశావు! షాపుకొచ్చిన ప్రతివాడికీ చెప్పుకున్నానే నేను. 'మా ఆవిడ ఇంట్లోనే ఆటలతో భలే నేర్పుతుంది, మా పాప చూడాలి మీరు' అని. తాళంచెవి కోసం కూర్చున్నవాళ్ళకి ఫోన్‌లో ఫోటోలు చూపించా. నాలుగు గడియలూ అది టకటకా తీస్తుంటే నాకెంత గర్వంగా ఉండేదో తెలుసా?"

"తెలుసు."

"నీకేం తెలీదు. తెలిస్తే ఇలా చెయ్యవు. కడుపు మండిపోతోంది నాకు."

"మండనివ్వండి. ఎంతైనా తిట్టండి, పడతా. ఆ గడియ మాత్రం కిందికి దించండి. మీకు దణ్ణం పెడతా."

"ఎందుకే నీకింత పంతం? రోజూ ఇద్దరూ లోపలే ఉంటారు. నేనొచ్చినప్పుడు నువ్వు తీస్తావు. దానికి అందకపోతే నీకొచ్చిన నష్టమేంటి?"

"అవసరం పడొచ్చు."

"ఏం అవసరం?"

"ఏదో ఒకటి. నిప్పు అంటుకోవచ్చు..."

"నువ్వు పొయ్యి వెలిగించి నిద్రపోకపోతే నిప్పెందుకు అంటుకుంటుంది? ఆ స్క్రూడ్రైవర్ ఇవ్వు. ఇవ్వు అంటుంటే!"

"ఇవ్వను."

"లాక్కోమంటావా?"

"లాక్కోండి."

"ఎందుకంత గట్టిగా పట్టుకున్నావు? కోపమా? నాకుండాలి కోపం, నీకుందా? ఇలా తే. ఇదిగో, మూడోది. ఇదిగో, నాలుగోది. అయిపోయింది. బుడ్డీ! రా, ఇది తియ్యి చూద్దాం."

"దాన్ని మళ్ళీ ఏడిపించకండి."

"చూద్దామంతే. ఎక్కు, నీ స్టూలే కదా."

"ఎక్కా. అందట్లేదు నాన్నా."

"మునివేళ్ళ మీద లే."

"లేచా. అయినా అందట్లేదు. ఇది బాలేదు. తీసెయ్యి."

"తియ్యను. ఆ ఆట ఇవాళ్టితో సరి. ఇకనుంచి అమ్మ పడుకుంటే నువ్వూ వెళ్ళి పక్కన పడుకో. సరేనా?"

"పడుకోను."

"ఎందుకు పడుకోవు?"

"నాకు భయం."

"అమ్మ పక్కన పడుకోడానికి భయమేంటే?"

"ఏదో అంటోందిలెండి, చిన్నపిల్ల. బుడ్డీ, ఇటు రా. అమ్మ దగ్గరికి రా, మాట్లాడకు."

"నువ్వాగు. చెప్పమ్మా, నేను తిట్టను. భయమెందుకు?"

"ఆటలో అయితే అమ్మ కదలకుండా పడుకుంటుంది నాన్నా. ఇవాళ ధబ్బున పడిపోయి, కాళ్ళూ చేతులూ టపటపా కొట్టుకున్నాయి, కళ్ళు తెల్లగా అయిపోయాయి, నోట్లోంచి నురగ వచ్చింది."