హారతి లేని బస్సు

అమలాపురం బస్టాండులో కొత్త హైడ్రోజన్ బస్సు మొదటి ట్రిప్పుకి సిద్ధంగా ఉంది. దాన్ని నడపబోయే మనవరాలు రమ్మంటే వచ్చిన తాతగారు, తీరా వచ్చేక ఎక్కనని మొండికేశారు.

"డీజిలు పొగకేగా మీకు ఆయాసం తాతగారూ? దీనికి పొగ రాదండి. వెనక గొట్టంలోంచి నీళ్లే కారతాయి."

"గ్యాసు సంగతి నాకు చెప్పకు. ఆ రోజుల్లో ఊరి పక్క గ్యాసుబావి అంటుకుని మండుతుంటే మనకి రాత్రీ పగలే. మన పుంజు తెల్లారిందనుకుని కూసి కూసి గొంతు పోగొట్టుకుంది. చివరికి నేనే కూయాల్సొచ్చింది."

"ఆయ్! ఊరంతా మీ కూతకే లేచేరనుకుంటానండి."

"నవ్వకు. ఆ హైడ్రోజన్ తయారుచేసేచోట పొగ రాదా?"

"ఎండ కరెంటుతో చేస్తే రాదండి. బొగ్గు కరెంటుతో చేస్తే అక్కడ వస్తుంది."

"అంటే నా దగ్గుని వేరే ఊరికి పార్సిల్ చేస్తున్నావన్నమాట!"

"మనది ఎండదేనండి. ఇంక ఎక్కండి."

ఆమె బస్సు ముందు కొబ్బరికాయ కొట్టి, పళ్లెంలో కర్పూరం పెట్టి అగ్గిపుల్ల తీసింది. తాతగారు చటుక్కున అగ్గిపెట్టె లాక్కున్నారు.

"గ్యాసు బండి ముందు నిప్పేమిటే! లీకైతే?"

"లీకైతే సెన్సరు కూస్తుందండి."

"మన పుంజులాగే దానికీ గొంతు పోతే?"

"మరి హారతి లేకుండానే బయల్దేరమంటారా?"

"బస్సుకి కొబ్బరికాయ చాలు." ఆయన కర్పూరం జేబులో వేసుకుని, మెల్లగా ఎక్కి ముందు సీట్లో కూర్చున్నారు. "హారతి సాయంత్రం మన గుమ్మంలో, నువ్వు క్షేమంగా దిగేక, నీకిస్తాను. ఊఁ, పోనీ!"